ఒకే యాప్, ఒకే తరగతి... మీ పాపకు ఒక తెర, పక్కింటి బాబుకు ఇంకో తెర ఎందుకు?



పేరెంట్ టీచర్ మీటింగుల్లో ఈమధ్య ఒక ప్రశ్న తరచూ వినిపిస్తోంది. "ఇద్దరూ ఆరో తరగతే. ఇద్దరి ఫోన్లలోనూ అదే లెర్నింగ్ యాప్. మా పాపకు లెక్క తప్పగానే కింద సూచన వస్తుంది, పక్కింటి బాబుకు రాదు. మా పాప వీక్ అని యాప్ అనుకుంటోందా?"

అలా అనుకోనవసరం లేదు. కొన్ని యాప్‌లు పిల్లల జవాబులను బట్టి పాఠాన్ని మార్చే మాట నిజమే. కానీ ఇలాంటి తేడాలకు మరో కారణం కూడా ఉంటుంది. యాప్ తయారుచేసేవారు ఒకే తెరకు రెండు రూపాలు సిద్ధం చేసి, కొందరికి ఒకటి, మిగతావారికి ఇంకొకటి చూపించి, ఏది బాగా పనిచేస్తోందో లెక్క తీస్తారు. దీన్ని స్ప్లిట్ టెస్టింగ్ అంటారు, ఎ/బి టెస్ట్ అన్నా ఇదే. ఆ లెక్కకు కావలసిన సమాచారమంతా యాప్ లోపల కూర్చున్న ఒక చిన్న ప్రోగ్రాం పోగుచేస్తుంది. దాని పేరు క్లయింట్ లైబ్రరీ. ఈ నెల పాఠం దాని గురించే. కంప్యూటర్ చదువు అక్కర్లేదు, హాజరు పట్టీ ఎలా వేస్తారో తెలిస్తే చాలు.

యాప్ లోపలి రిజిస్టర్

లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల గది కాదు. ఎవరో ముందే రాసి పెట్టిన కోడ్ మూట. యాప్ తయారుచేసేవారు దాన్ని తెచ్చి తమ యాప్‌లో కలుపుకుంటారు. స్కూల్ గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో ఉండే రిజిస్టర్ లాంటిది. ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఏ పని మీద వచ్చారు అని ఒక్కో వరుస రాసుకుంటూ పోతుంది. ఆ ఒక్కో వరుసను ఈవెంట్ అంటారు. మీ పాప ఒక లెక్క చేసినప్పుడు పడే వరుసను తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

"లెక్క ప్రయత్నం. పాఠం: భిన్నాలు. జవాబు: తప్పు. పట్టిన సమయం: 41 సెకన్లు. సూచన తెరిచారా: అవును. తెర రూపం: బి."

యాప్ కంపెనీ ఇంజినీరు ఇలాంటి వరుసలు ఎక్కడెక్కడ పడాలో ముందే నిర్ణయిస్తారు. కొన్ని మాత్రం ఎవరూ చెప్పకపోయినా వాటంతట అవే పడతాయి. ఉదాహరణకు, చాలా యాప్‌లలో వాడే గూగుల్ వారి ఫైర్‌బేస్ అనలిటిక్స్‌ను కలిపితే చాలు, యాప్‌ను మొదటిసారి తెరవడం, ఒక విడత వాడకం మొదలవడం, ఒక తెర నుంచి ఇంకో తెరకు వెళ్లడం నమోదైపోతాయి. ఆపైన ఒక యాప్‌కు 500 రకాల ఈవెంట్ల దాకా పేర్లు పెట్టుకోవచ్చు, ఒక్కో ఈవెంటుకు 25 వివరాల దాకా జోడించవచ్చు. అంటే రిజిస్టర్‌లో చోటుకు కొదవ లేదు.

రాసిన వరుస వెంటనే కంపెనీకి చేరిపోదు. ముందు ఫోన్‌లోనే ఒక వరుసలో నిలబడుతుంది, కొంతసేపటికి మిగతావాటితో కలిపి కట్టగా వెళుతుంది. ఫైర్‌బేస్ విషయంలో సుమారు గంటకోసారి. బ్యాటరీ, డేటా ఆదా చేయడానికి ఈ ఏర్పాటు. నెట్ లేకపోతే కట్ట ఫోన్‌లోనే ఉండి, నెట్ వచ్చాక బయల్దేరుతుంది. "డేటా ఆపేసి చదివిస్తున్నాను కాబట్టి ఏమీ నమోదు కాదు" అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

ఆ 41 సెకన్ల మాట మళ్లీ చూడండి. పాప ఆలోచిస్తూ ఉందా, రఫ్ నోట్‌బుక్‌లో వేసుకుందా, తమ్ముడు ఫోన్ లాక్కుంటే గొడవ పడిందా... రిజిస్టర్‌కు తెలియదు. దానికి తెలిసింది నొక్కడం, నొక్కకపోవడం, మధ్యలో గడిచిన సమయం. అంతే.

ఒక ఫోన్, ఇద్దరు పిల్లలు

మన ఇళ్లలో చాలాచోట్ల అమ్మ ఫోన్ ఒక్కటే, చదువుకునేవారు ఇద్దరు. ఇక్కడ లైబ్రరీ పనితీరు కాస్త తెలిసుంటే మంచిది. యాప్ వేసిన రోజున లైబ్రరీ ఆ ఫోన్‌కు పేరు లేని ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. పిల్లలు లాగిన్ అయ్యాక ఆ సంఖ్యను ఖాతాకు ముడివేయించడం యాప్ తయారీదారుల పని. లాగౌట్ చేసినప్పుడు ఆ ముడి విప్పించడం కూడా వారి పనే. మీరు లాగౌట్ చేయకుండా అక్క ఖాతాలోనే తమ్ముడు ఆడుకుంటే, వాడు తప్పు చేసిన ఇరవై లెక్కలూ అక్క లెక్కలో పడతాయి. నెలాఖరున వచ్చే ప్రోగ్రెస్ రిపోర్టులో "భిన్నాలలో శ్రద్ధ అవసరం" అని వస్తే, అది ఎవరి భిన్నాలో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి పిల్లలు మారినప్పుడు ఖాతా మార్చండి. యాప్‌లో విడివిడి ప్రొఫైళ్ల సౌకర్యం ఉంటే తప్పక వాడండి. రిపోర్టు చూసి పిల్లల్ని మందలించే ముందు ఈ సంగతి ఒకసారి అడిగి తెలుసుకోండి.

సగం ఇటు, సగం అటు

ఎవరికి ఏ తెర అన్నది ఎలా తేలుస్తారు? లైబ్రరీ మీ పాప గుర్తింపు సంఖ్యను, ఆ ప్రయోగం పేరును కలిపి ఒక గణిత సూత్రంలో వేస్తుంది. 0 నుంచి 99 లోపు ఒక అంకె వస్తుంది. 50 కన్నా తక్కువైతే ఎ, లేకపోతే బి. సూత్రం మారదు కాబట్టి అదే ఖాతాకు ప్రతిసారీ అదే అంకె, అదే తెర. ప్రయోగం పేరు కూడా కలపడం వల్ల, ఈ ప్రయోగంలో ఎ వైపు ఉన్న పిల్లలే ప్రతి ప్రయోగంలోనూ ఎ వైపు ఉండరు. ఇందులో మార్కుల ప్రసక్తి లేదు. లాగిన్ కాకుండా వాడే యాప్‌ను తీసేసి మళ్లీ వేస్తే కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది. "రీఇన్‌స్టాల్ చేస్తే తెర మారిపోయింది సార్" అనేవారికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇలా పొత్తు లేకుండా పంచడం పొలాల నుంచి వచ్చిన ఆలోచన. రెండు రకాల విత్తనాలలో ఏది మేలో తెలియాలంటే రెండు మళ్లలో వేసి చూస్తాం. కానీ కాలువ పక్క మడిలో వేసిందే గెలిస్తే, అది విత్తనం గొప్పా, నీళ్ల గొప్పా? ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919 నుంచి పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ దీనికి మార్గం చూపారు. ఏ మడికి ఏది అన్నది మనం ఎంచుకోకుండా, చీటీలు తీసినట్టు పంచాలి. అప్పుడు నీళ్లు, ఎండ, మట్టి తేడాలు రెండు వైపులా కలిసిపోతాయి. మన తెలుగువారికి ఇందులో ఒక చుట్టరికం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో ఈ ఫిషర్ పర్యవేక్షణలోనే 1948లో డాక్టరేట్ పొందారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. మీ పిల్లలకు ఈ పేరు చెప్పండి.

తొందరపడితే తప్పుడు గెలుపు

ఒక తరగతిలో 40 మంది. 20 మందికి ఎ తెర, 20 మందికి బి తెర. బి తెర చూసిన వారిలో 12 మంది హోంవర్క్ పూర్తిచేశారు, ఎ తెర చూసిన వారిలో 9 మంది. బి గెలిచినట్టేనా?

ఒక రూపాయి బిళ్లను 20 సార్లు ఎగరేయండి. ఏ మోసమూ లేని బిళ్లకు కూడా 12 లేదా అంతకన్నా ఎక్కువ బొమ్మలు పడే అవకాశం సుమారు 25 శాతం. నాలుగింట ఒకసారి జరిగేదానికి కారణం వెతకడం అనవసరం. అందుకే ఈ పరీక్షలకు వేలమంది కావాలి. ఒక సెక్షన్ పిల్లలతో తేలదు.

రోజూ తొంగిచూడటం ఇంకో పొరపాటు. అసలు తేడాయే లేని రెండు తెరలను పోల్చి, నూటికి 5 సార్లే తప్పు జరగాలని హద్దు పెట్టుకున్నారనుకోండి. మధ్యమధ్యలో పదిసార్లు చూసి, ఎప్పుడు గెలిచినట్టు కనబడితే అప్పుడు ఆపేస్తే, ఆ తప్పు సుమారు 19 శాతానికి చేరుతుంది. ఇది గణాంకశాస్త్రంలో 1960లలోనే లెక్కగట్టిన సంగతి. ఇళ్లలోనూ ఇదే జరుగుతుంటుంది: ఒక స్లిప్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గగానే ట్యూషన్ మార్చేయడం, తరువాతి టెస్టులో పెరిగితే కొత్త ట్యూషన్‌ను మెచ్చుకోవడం.

గెలుపును తేల్చేది ఏ అంకె?

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే, ఇది చదవండి.

స్ప్లిట్ టెస్ట్ పెట్టేవారు ఒక అంకెను ముందే ఎంచుకుంటారు. ఆ అంకె ఎవరికి ఎక్కువ వస్తే ఆ తెర గెలుస్తుంది. మర్నాటి నుంచి అందరికీ అదే తెర. ఆ అంకె ఏమిటి? యాప్‌లో గడిపిన నిమిషాలా? వరుసగా ఎన్ని రోజులు తెరిచారన్నదా? పూర్తిచేసిన లెక్కలా? లేక నెల తర్వాత ఆ పాఠం ఎంత గుర్తుంది అన్నదా? మొదటి మూడూ రిజిస్టర్‌లో ఎలాగూ ఉన్నాయి, ఖర్చు లేకుండా సాయంత్రానికల్లా తెలుస్తాయి. నాలుగోది తెలియాలంటే పరీక్ష పెట్టాలి, ఆగాలి. ఏది సులువుగా దొరుకుతుందో దానివైపే మొగ్గు ఉండటం సహజం.

ఆగితే ఫలితం ఎలా తారుమారవుతుందో చూపే ప్రయోగం ఒకటుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేశారు. ప్రతి విద్యార్థీ రెండు చిన్న పాఠాలు చదివాడు. ఒకదాన్ని మళ్లీ చదివాడు. రెండోదాన్ని మళ్లీ చదవకుండా, గుర్తున్నదంతా కాగితం మీద రాశాడు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షించిన వారిలో, మళ్లీ చదివిన పాఠం 81 శాతం గుర్తుంది, గుర్తు తెచ్చుకుని రాసిన పాఠం 75 శాతం. మళ్లీ చదవడమే గెలిచింది. వారం తర్వాత పరీక్షించిన వారిలో? మళ్లీ చదివింది 42 శాతం, గుర్తు తెచ్చుకుని రాసింది 56 శాతం.

పద్ధతులు అవే, పాఠాలు అవే. కొలిచిన రోజు మారింది, గెలుపు మారింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తప్పు కాగానే సూచన చూపే తెరకు, రెండోసారి ప్రయత్నించేదాకా సూచన దాచే తెరకు పోటీ పెట్టారనుకుందాం. "పూర్తిచేసిన లెక్కలు" అన్న అంకెతో కొలిస్తే సూచన వెంటనే చూపే తెర గెలిచే అవకాశమే ఎక్కువ. పిల్లలు చకచకా ముందుకెళతారు, మధ్యలో వదిలేసేవారు తగ్గుతారు. తల్లిదండ్రులకు వెళ్లే రిపోర్టు కూడా కళకళలాడుతుంది. కానీ తప్పు చేసిన చోట కాసేపు ఇరుక్కుని, రఫ్ నోట్‌బుక్ తీసి, మళ్లీ చేసిన పాప ఎక్కువ నేర్చుకుని ఉండవచ్చు. రిజిస్టర్‌లో మాత్రం ఆ పాప నెమ్మది, ఆ తెర ఓటమి.

వరుస రోజుల లెక్కలు, మంట గుర్తులు, "ఈరోజు తెరవకపోతే నీ 45 రోజులు పోతాయి" అనే నోటిఫికేషన్లు ఏ అంకె కోసం పుట్టాయో ఇక మీరే ఊహించవచ్చు. వీటిలో కొన్ని నిజంగానే చదివే అలవాటు నేర్పుతాయి, కాదనను. కానీ జ్వరంతో పడుకున్న పిల్ల రాత్రి పదకొండింటికి లేచి ఒక్క లెక్క చేసి వరుస కాపాడుకుంటే, దాన్ని చదువు అనడానికి నాకు మనసొప్పదు.

అడగకుండా ప్రయోగం చేయవచ్చా?

2012 జనవరిలో ఫేస్‌బుక్ వారం రోజుల పాటు 6,89,003 మందికి కనబడే పోస్టుల్లో సంతోషం మాటలనో, బాధ మాటలనో తగ్గించి, దాని ప్రభావం వారు రాసే మాటల మీద ఎలా ఉందో చూసింది. 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాక పెద్ద దుమారం లేచింది. కనిపించిన ప్రభావం చాలా చిన్నదే. జనానికి కోపం తెప్పించింది తమను విడిగా అడగకపోవడం. పిల్లల చదువు యాప్‌ల విషయానికొస్తే, కొవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సూచించిన ఆన్‌లైన్ చదువు సాధనాలను హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. పదింట దాదాపు తొమ్మిది పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే లేదా భంగం కలిగించే రీతిలో సమాచారం వాడుతున్నట్టు అందులో తేలింది.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఈ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ నిర్ధారించుకోదగిన అనుమతి ఉండాలి. పిల్లలను వెంటాడి గమనించడం, వారి ప్రవర్తనను పరిశీలించడం, వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపడం కూడదు. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. 2025 నవంబరులో నియమాలు ప్రకటించారు. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు.

ఆ నియమాల్లో విద్యాసంస్థలకు ఒక మినహాయింపు ఉంది: చదువుకు సంబంధించిన పనులకూ, పిల్లల భద్రతకూ గమనింపు చేయవచ్చు. హాజరు, హోంవర్క్, బస్సు ఎక్కడుందన్నది ఇందులోకి వస్తాయి. ఈ రెంటికీ సంబంధం లేని పనికి మినహాయింపు వర్తించదు. అందువల్ల ఏ స్కూలునైనా, మా స్కూలునైనా సరే, మీరు నిర్మొహమాటంగా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ యాప్‌లో ఎవరి లైబ్రరీలు ఉన్నాయి? వరుసలు మా పాప పేరుతో వెళుతున్నాయా, సంఖ్యతోనా? ఎన్నాళ్లు ఉంచుతారు, టీసీ తీసుకున్నాక ఏం చేస్తారు? ప్రయోగాలు జరుగుతున్నాయా, వద్దంటే పక్కకు తప్పుకోవచ్చా? ముఖ్యంగా, గెలుపును తేల్చే అంకె ఏమిటి? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చే యాప్‌ను నేను ఎక్కువ నమ్ముతాను.

ఫోన్‌లో మీరే చూడగలిగినవీ ఉన్నాయి. ప్లే స్టోర్‌లో ప్రతి యాప్ పేజీలో "డేటా సేఫ్టీ" అనే భాగం ఉంటుంది. ఏం సేకరిస్తారు, ఎవరితో పంచుకుంటారు అన్నది అక్కడ చదవండి. అది తయారీదారులు తమ గురించి తామే రాసుకున్నదని గుర్తుంచుకోండి. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో ప్రకటనల విభాగానికి వెళ్లి, అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించవచ్చు. ఐఫోన్‌లో ఒక యాప్ "ట్రాక్ చేయవచ్చా" అని అడిగితే వద్దనవచ్చు. ఇవి ప్రకటనల కోసం వెంటాడటాన్ని తగ్గిస్తాయి. లాగిన్ అయిన ఖాతాలో పడే వరుసలను ఆపవు.

ఇంట్లో ఒక స్ప్లిట్ టెస్ట్

ఇదంతా పిల్లలకు అర్థం కావాలంటే చేయించడమే మేలు. పిల్లలకు రాని ఇంగ్లీషు స్పెల్లింగులు, లేదా తెలుగు అర్థాలు 20 ఎంచి చీటీల మీద రాయండి. బాగా కలిపి, చూడకుండా పదేసి చొప్పున రెండు కట్టలు చేయండి. మీకు తేలిక అనిపించినవి ఒక కట్టలో వేయకండి, ఫిషర్ గారి కాలువ పక్క మడి సంగతి మరువవద్దు. ఒక కట్టను పది నిమిషాలు మళ్లీ మళ్లీ చదివించండి. రెండో కట్టను మూడు నిమిషాలు చదివించి, మిగిలిన ఏడు నిమిషాలు మూసేసి గుర్తు తెచ్చుకుని రాయించండి. ఏ కట్ట ముందు అన్నది బిళ్ల ఎగరేసి తేల్చండి.

గెలుపును తేల్చే అంకెను ముందే డైరీలో రాయండి: "వచ్చే ఆదివారం ఎన్ని తప్పు లేకుండా చెప్పారు." మధ్యలో అడగవద్దు, తొంగిచూడవద్దు. ఆదివారం 20 చీటీలూ కలిపేసి అడగండి. కట్టలు నాన్న వేస్తే, అమ్మ అడగాలి. ఏ చీటీ ఏ కట్టదో అడిగేవారికి తెలియకూడదు, తెలిస్తే గొంతులోనే సాయం అందిపోతుంది.

ఒక వారంలో 6కు 5 వస్తే ఏమీ తేలలేదనే లెక్క. కొత్త మాటలతో నాలుగు వారాలు చేస్తే ఒక్కో పద్ధతికి 40 మాటలవుతాయి. అయినా అది ఒక్క పిల్ల లెక్కే. వారాల వారీగా అంకెలు డైరీ చివరి పేజీలో రాసి తరువాతి మీటింగుకు తీసుకురండి. పిల్లల పేర్లు లేకుండా ఆ తరగతి అంకెలన్నీ కలిపి, లెక్కల టీచర్ బోర్డు మీద వారి చేతనే కూడిక వేయిస్తారు.